పొలుసు

ముప్ఫై ఒక్క నోటు పుస్తకాలు.
ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు కోసం చూస్తూ
టీ బడ్డీ బల్ల మీద పేర్చుకున్నాను.
తొమ్మిదో లెక్క. పడవ, ప్రవాహం.
ఎదురు ఇరవై నాలుగు, వాలు ముప్ఫై ఆరు కిలోమీటర్లు, ఏడు గంటలు.
ఎదురు ముప్ఫై, వాలు నలభై ఎనిమిది, తొమ్మిది గంటలు.
పడవ వేగమెంత? ప్రవాహ వేగమెంత?

మొదటి పుస్తకంలో ప్రవాహ వేగం
గంటకు డెబ్బై తొమ్మిది పాయింటు మూడు.
సరే, పిల్లాడు ఎక్కడో జారాడనుకున్నాను.
రెండో పుస్తకంలో డెబ్బై తొమ్మిది పాయింటు మూడు.
ఎనిమిదో పుస్తకం దగ్గర
ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.

ఆ లెక్కన మా గౌతమి
ధవళేశ్వరంలో తలుపులెత్తిన గంటకల్లా
సముద్రంలో ఉండాలి.
పంటు మీది మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, నేనూ
ఈపాటికి అండమాన్ దరిదాపుల్లో తేలాలి.
ముప్ఫై ఒక్క మందిలో ఒక్కరికీ భయం వెయ్యలేదు.
అందరూ రోజూ ఈ ఏరు చూసేవాళ్లే.
మెట్టు ఒకటి, మెట్టు రెండు,
రాయాల్సిన చోటల్లా ‘కాబట్టి’,
ఇరవై రెండేళ్లుగా నేను బతిమాలినా
ఎవరూ రాయని ‘కాబట్టి’.

ఫోటో ఎవరిదని అడిగాను మర్నాడు.
చాలాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
తర్వాత పరంజ్యోతి లేచింది.

ఫోను వాళ్లమ్మది.
సువార్తమ్మ సాయంత్రం బజారులో చేపలు కోస్తుంది,
శీలావతులూ, బొచ్చెలూ.
కత్తిపీట పక్కన గోనె మీద ఫోను,
డబ్బు పడినప్పుడల్లా కేకేస్తుంది.
రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది, పదకొండు శాతం ప్రాణంతో.
ఆ పదకొండు శాతంలోనే
పదో తరగతి మొత్తానికీ లెక్కలు తెమలాలి.

ఆవేళ సువార్తమ్మకు జొరం,
ఫోను కూతురి పుస్తకాల సంచిలో ఉంది. తీసి చూపించింది.
ముప్ఫై ఆరులో మూడు మీద
గోరంత కూడా లేదు, ఒక చేప పొలుసు,
తళతళా.
దానికి ఆరే కనిపించింది. ఆరుకే చేసింది.
కనిపించినదానికి తప్పేం చెయ్యలేదు పాపం.

"నీకైనా అనుమానం రాలేదా?"
"వచ్చిందండి. ఫోనుకి తెలీదేటి అనుకున్నానండి."
కాసేపాగి,
"మూడోసారి అడిగినా విసుక్కోదండి."

నాలుగేళ్ల కిందట, ముసురు రోజు, ఆఖరి పీరియడు,
మూడోసారి అడిగిన ఎవరినో ఏదో అన్నాను.
ఏమన్నానో నాకు గుర్తులేదు.
ఆ పిల్ల కింద చూపు చూస్తోంది.

రాత్రి నేనూ ఫోటో తీశాను, పేజీ తుడిచి మరీ.
తొమ్మిది, మూడు. రెండు సెకన్లు పట్టింది.
పొద్దున పంటు మీద సరంగు పోలయ్య నన్నడిగింది
దాన్నీ అడిగాను:
"పోటు మీదాండీ, పాటు మీదాండీ?
పోటొస్తే ఏరు ఎనక్కి నడుస్తాది గదా మేష్టారూ."
అది క్షమాపణ చెప్పి, తిరిగి అడిగింది,
ఏ ఊరు, ఏ వేళ అని.
అప్పుడు కాస్త నచ్చింది నాకు.
ఈ సంగతి స్టాఫ్ రూములో అనలేదు.

బడి విడిచాక రేవు మెట్ల మీద ముప్ఫై ఒక్క మందిమి,
ఇద్దరు రాలేదు, నన్నూ సరంగునీ కలిపితే.
పంటు తాడు కట్టే గుంజ నుంచి కరెంటు స్తంభం దాకా
నలభై అడుగులు, పాదాలతోనే కొలిచాం.
వాచీ ఎవరికీ లేదు.
సువార్తమ్మ ఫోను అప్పటికే బజారుకు వెళ్లిపోయింది.
నాది జేబులోనే ఉంది. తియ్యలేదు.

పరంజ్యోతి ఒక కొబ్బరి డొక్క నీళ్లలోకి విసిరి,
వాళ్ల తాత కాయలు లెక్కపెట్టే పద్ధతిలోనే
గొంతెత్తి మొదలుపెట్టింది:
లాభం... రెండు... మూడు...

డొక్క కదల్లేదు.
నాలుగు దాకా, అయిదు దాకా అక్కడే నిలబడి,
ఏదో మరిచిపోయినట్టు
మెల్లగా ధవళేశ్వరం వైపు తిరిగింది.